పెద్దవాళ్లను ఇంగ్లిష్ క్లాసులో చేర్చుకునే ముందు లెవెల్ ఎలా చూస్తున్నారు?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):

అందరికీ నమస్తే. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర గది అద్దెకు తీసుకుని పెద్దవాళ్లకు సాయంత్రం ఇంగ్లిష్ క్లాసులు మొదలుపెట్టాను. రెండు బ్యాచ్‌లు. వచ్చేవాళ్లలో ఒకరికొకరికి పోలికే లేదు. బట్టల షాపు నడిపే ఆయన ఉన్నారు, ఇద్దరు నర్సులు, డిగ్రీ చదివి పెళ్లయ్యాక ఇంట్లోనే ఉండిపోయిన ఆవిడ, పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో షిఫ్టులు చేసే కుర్రాళ్లు, ఏడేళ్లు సింగపూర్‌లో వెల్డింగ్ చేసి తిరిగొచ్చిన అతను.

చేరిన రోజే 40 బిట్ల పేపరు పెట్టాను. ఖాళీలు నింపడం, టెన్స్ మార్చడం, యాక్టివ్ వాయిస్‌ని పాసివ్ చేయడం. 25 దాటితే పై బ్యాచ్, లేకపోతే కింది బ్యాచ్. పదిహేను రోజులు తిరక్కుండా అంతా తలకిందులైంది. 34 తెచ్చుకున్న డిగ్రీ ఆవిడ పై బ్యాచ్‌లో ఇప్పటిదాకా నోరు తెరవలేదు. 11 వచ్చిన వెల్డర్ కింది బ్యాచ్‌లో గడగడా మాట్లాడేస్తుంటే మిగతావాళ్లు బిక్కచచ్చిపోతున్నారు. షాపు ఆయనైతే పేపరు ఖాళీగా నా చేతికిచ్చి "నాకేటీ రాదమ్మా" అని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

తప్పు పేపరుదా, నాదా? పెద్దవాళ్లకు చెప్పేవాళ్లు, పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లు మీ అనుభవం చెప్పండి.

గంటస్తంభం_మాస్టారు (విజయనగరం):

అమ్మా, ముందు షాపు ఆయన సంగతి. వయసు నలభై దాటిందా? కళ్లజోడు తెచ్చుకున్నారా అని అడిగారా? నవ్వకండి. రిటైరయ్యాక మా ఇంటి అరుగు మీద పెద్దవాళ్లకు చెబుతున్నాను. ఒకాయన ఇలాగే పేపరు ఖాళీగా ఇచ్చాడు. చూపు ఆనడం లేదని పదిమంది ముందు చెప్పుకోవడం కన్నా ఇంగ్లిష్ రాదని చెప్పుకోవడమే ఆయనకు సులువనిపించింది. అప్పటినుంచి అక్షరాలు పెద్దవిగా ప్రింటు తీయిస్తున్నాను. టేబులు సొరుగులో చవక రకం చదువు జోళ్లు రెండు ఉంచుతాను.

ఇక మీ 40 బిట్ల పేపరు. అది మన టెన్త్ పరీక్ష అలవాటే. వాయిస్ మార్చడం బడిలో తోమించుకున్నవాడికి వస్తుంది, బడి మానేసి ఇరవై ఏళ్లయినవాడికి రాదు. ఇద్దరిలో ఎవరు మాట్లాడగలరో ఆ మార్కుల్లో కనబడదు.

నేను చేసేది చెబుతాను. మొదటి పది నిమిషాలు తెలుగులోనే. ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారు, ఇంతకుముందు ఎక్కడైనా చేరారా, ఎందుకు మానేశారు. చివరి ప్రశ్నకు వచ్చే జవాబు చాలా పనికొస్తుంది. తరవాత ఇంగ్లిష్‌లో చిన్న ప్రశ్నలు, ఒక్కోటీ కాస్త కష్టం పెంచుతూ. రోజూ ఏం చేస్తారు, పోయిన ఆదివారం ఏం చేశారు, పది లక్షలు చేతికొస్తే ఏం చేస్తారు. ఎక్కడో ఒకచోట మాట తడబడుతుంది. అక్కడ ఇంకోరకంగా ఒకసారి అడిగి చూసి, వెనక్కి దిగి, వాళ్లు చెప్పగలిగిన ప్రశ్నతో ముగిస్తాను. ఓడిపోయిన మొహంతో మనిషిని ఇంటికి పంపకూడదు. పంపితే మీ షాపు ఆయనలాగే తిరిగి రాడు.

ఇంకొకటి. సెల్ఫ్ ఇంట్రడక్షన్ అడగొద్దు. "మైసెల్ఫ్ ఫలానా, ఐ యామ్ కమింగ్ ఫ్రమ్ ఫలానా" అని అందరూ బట్టీ పట్టుకునే వస్తారు. మొదలుపెడితే పెట్టనివ్వండి, మధ్యలో ఆపి "బస్సు రష్‌గా ఉందా ఇవాళ?" అని ఇంగ్లిష్‌లో అడగండి. అక్కడ బయటపడుతుంది అసలు లెవెల్. అడిగాక మనసులో పది లెక్కపెట్టుకోండి. మనం రెండో అంకె దగ్గరే జవాబు అందించేస్తాం, అది టీచర్ల జబ్బు.

కాన్వెంట్_కాదు (నర్సింగ్ ట్రైనర్, శ్రీకాకుళం):

మాస్టారి మాటకు ఒకటి కలుపుతాను. ఒక మనిషికి ఒకే లెవెల్ ఉంటుందనుకోవడం దగ్గరే తేడా వస్తోంది. భాష ఎంత వచ్చో చెప్పడానికి అన్నిటికన్నా కింది ఎ1 నుంచి పైన సి2 దాకా ఆరు మెట్లు చెబుతారు కదా, కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో తెచ్చిన లెక్క అది. అందులో కూడా వినడం, చదవడం, ఎదుటివారితో మాట్లాడడం, మనంతట మనం ఒక విషయం చెప్పడం, రాయడం దేనికది విడిగా ఉంటాయి. నా దగ్గర ఒక్కొక్కరికి ఒక అట్టముక్క, దాని మీద అయిదు గళ్లు. మీ వెల్డర్‌కి వినడం గడిలో బి1 పడుతుందేమో, రాయడం గడిలో ఎ1. మీ డిగ్రీ ఆవిడది దాదాపు తిరగేసిన బొమ్మ. ఇద్దరినీ ఒకే అంకెలో పెడితే ఇద్దరికీ అన్యాయమే.

నర్సుల విషయంలో జాగ్రత్త. రాజాం వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది, వార్డులో మూడేళ్ల అనుభవం. మందుల పేర్లు, రోగాల పేర్లు, పరికరాల పేర్లు ధారాళంగా వచ్చేస్తుంటే నేనూ పై లెవెల్ అనుకున్నాను. విదేశాల్లో పనిచేయాలనుకునే నర్సులు, డాక్టర్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ ఉంది కదా, అందులో మాట్లాడే భాగంలో ఒక్కోటి అయిదు నిమిషాల చొప్పున రెండు రోల్ ప్లేలు ఉంటాయి. అలాంటిదే ఒకటి పెట్టి, నేను భయపడుతున్న పేషెంటునయ్యాను. "డోంట్ క్రై, డోంట్ క్రై" తప్ప ఇంకో మాట రాలేదు ఆ పిల్లకి. తెలుగులో అయితే ఎంత బాగా ఓదారుస్తుందో! ఉద్యోగంలో వాడే పదాలు చూసి మోసపోకండి, ఆ పని దాటించి ఒక ప్రశ్న అడగండి.

ఇంకోటి, లెవెల్ చెప్పేటప్పుడే గంటలు కూడా చెప్పేయండి. ఇంగ్లిష్ పరీక్షలు పెట్టే కేంబ్రిడ్జి వాళ్ల ఉరామరిక లెక్క ప్రకారం మొదటినుంచి బి1 చేరడానికి 350 నుంచి 400 గంటల చదువు, బి2కి 500 నుంచి 600. అంటే ఆ ఒక్క మెట్టుకే సుమారు 150 నుంచి 200 గంటలు. రోజుకు గంట, వారానికి అయిదు రోజులు వస్తే ఏడు నుంచి తొమ్మిది నెలలు. "రెండు నెలల్లో ఐఈఎల్‌టీఎస్ ఏడు కావాలి మేడమ్" అని వచ్చేవాళ్లకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తాను. కొందరు లేచి వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి.

ఉద్దానం_సెయిలర్ (సోంపేట):

నేర్చుకున్నవాడి వైపు నుంచి చెబుతాను. ఓడ దిగాక మూడు నెలలు ఖాళీ ఉందని ఒకచోట చేరాను, ఊరు పేరు చెప్పను. పేపరు పెట్టారు, 40కి 9. బేసిక్‌లో వేశారు. మొదటి రోజు "దిస్ ఈజ్ ఎ పెన్". నేను అప్పటికే ఫిలిప్పీన్స్ బోసన్ (డెక్కు మీద పనివాళ్ల పెద్ద) కింద, ఉక్రెయిన్ చీఫ్ ఆఫీసర్ కింద పనిచేసి వచ్చినవాణ్ణి. ఓడ మీద మాటలకు వేరే పద్ధతి ఉంటుంది, ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) వాళ్లు ప్రామాణికం చేసిన వాక్యాలు. చిన్నవి, అటూ ఇటూ అర్థం రానివి. అవి నాకు నిద్రలో కూడా వస్తాయి. ఓడ సిబ్బందికి పెట్టే మార్లిన్స్ ఇంగ్లిష్ పరీక్ష కూడా పాసయ్యాను.

నాకు రానిది ఈమెయిల్. ఏజెంటుకు నాలుగు లైన్లు రాయాలంటే చెల్లెలికి ఫోన్ చేసేవాణ్ణి. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఫీజు కట్టేసి వారం వెళ్లి మానేశాను.

మేడమ్, మీ వెల్డర్‌ని అడగండి. అతను మాట్లాడడానికి వచ్చాడా, లేక సేఫ్టీ పేపర్లు చదవలేక సూపర్‌వైజర్ పోస్టు పోగొట్టుకుని వచ్చాడా అని.

బొబ్బిలి_వీణ:

అందరూ మాట్లాడించండి అంటున్నారు. జూన్‌లో నా దగ్గరికి రెండు రోజుల్లో 60 మంది వస్తారు. మనిషికి 20 నిమిషాలంటే 20 గంటలు. ఎవరు చేస్తారండీ? పైగా మాట్లాడించి వేస్తే మన ఇష్టాయిష్టాలు దూరతాయి. ఇస్త్రీ చొక్కాతో వచ్చి నవ్వుతూ మాట్లాడేవాడికి అరమెట్టు ఎక్కువ వేస్తాం. నేనే వేశాను, ఒప్పుకుంటున్నాను.

కాబట్టి రాత పరీక్ష ఉండాల్సిందే, బిట్లు మాత్రం వద్దు. రెండు పాత పద్ధతులు వాడుతున్నాను. ఒకటి క్లోజ్ టెస్టు. 250 పదాల మామూలు కథ తీసుకుని, మొదటి వాక్యం అలాగే ఉంచి, అక్కడినుంచి ప్రతి ఏడో మాటా కొట్టేయడమే. విల్సన్ టేలర్ అనే ఆయన 1953లో దీన్ని తెచ్చింది పాఠం ఎంత కష్టమో కొలవడానికి, మనుషుల్ని కొలవడానికి కాదు. కానీ మనుషులకూ బాగానే పనికొస్తోంది. "ద బస్ వాజ్ లేట్, సో వుయ్ ... ఫర్ యాన్ అవర్" అన్నచోట ఒకరు వెయిటెడ్ రాస్తారు, ఒకరు వెయిట్ రాస్తారు, ఒకరు వదిలేస్తారు. ముగ్గురూ మూడు చోట్ల ఉన్నారని అక్కడే తెలుస్తుంది. అర్థానికి కుదిరే ఏ మాట రాసినా మార్కు ఇస్తాను.

రెండోది డిక్టేషన్. ఇదేం పాతచింతకాయ అనుకోకండి. చిన్న వాక్యం ఎవరైనా విన్నది విన్నట్టు రాసేస్తారు. పన్నెండు పదాలు దాటితే గుర్తుండదు. వాక్యం కట్టడం వచ్చినవాళ్లే పోయిన మాటల్ని మళ్లీ అల్లుకుని రాస్తారు. అయిదు వాక్యాలు, ఒక్కోటి ముందుదాని కంటే పొడుగు, చాలు. రెండూ కలిపి 60 మందికీ ఒకే గంటలో అయిపోతాయి. మాట్లాడించడం అటూ ఇటూ కానివాళ్లకే.

గంటస్తంభం_మాస్టారు:

వీణగారూ, డిక్టేషన్ విషయంలో నేను మీ పక్షమే. కానీ మీ గంటలో ఉద్దానం తమ్ముడికి ఎన్ని వస్తాయి? మళ్లీ బేసిక్కే. అరవై మంది ఉంటే మనిషికి అయిదు నిమిషాలైనా మాట్లాడండి. ఫోన్‌లో వాళ్ల అనుమతితో రికార్డు చేసి, మొహం చూడని ఇంకొకరితో వినిపించండి. ఇస్త్రీ చొక్కా రికార్డింగులో వినబడదు.

దిద్దేటప్పుడు ఎ, యాన్, ద తప్పులు లెక్కపెట్టకండి. తెలుగులో అవి లేవు, సి1 దాకా వెళ్లినవాళ్లు కూడా జారవిడుస్తారు. "ఐ యామ్ నోయింగ్" కూడా అంతే, మనవాళ్ల నోట తరచూ వచ్చేదే. జరిగిపోయినదాన్ని జరిగినట్టు చెప్పగలుగుతున్నారా, ఒక మాట నుంచి ఇంకో మాటకు "బికాజ్", "బట్" లాంటి వంతెన వేస్తున్నారా, అది చూడండి.

అరసవల్లి_వదిన:

నేను మీ డిగ్రీ ఆవిడ లాంటిదాన్నే. నాకు పరీక్ష పెట్టిన రోజు హాల్లో మా అమ్మాయి ఈడు పిల్లలున్నారు. ఒక పిల్ల పది నిమిషాల్లో రాసేసి లేచింది. నా చేతులు చల్లబడిపోయాయి. ఆయన బయట బండి మీద కూర్చున్నారు. ఎంతొచ్చిందని అడుగుతారని ఇంకో టెన్షన్.

"ఇంగ్లిష్ వచ్చా" అని అడిగితే నాలాంటివాళ్లు రాదనే అంటాం. అలా అడగకండి. స్కూలు గ్రూపులో మెసేజ్ వస్తే ఎవరు చదువుతారు? పిల్లాడి నాలుగో తరగతి హోంవర్కు ఎవరు చేయిస్తారు? మందుల షీటు మీద ఎక్స్‌పైరీ ఎవరు చూస్తారు? అన్నీ నేనే. ఆ లెక్కన నాకు చదవడం వచ్చు కదా! ఈ సంగతి నాకే తరవాత తెలిసింది.

కాన్వెంట్_కాదు:

వదినగారూ, మీ మూడు ప్రశ్నలూ నా అట్టముక్క వెనక రాసేసుకున్నాను.

ఎచ్చెర్ల_స్టూడెంట్:

ఆన్‌లైన్ ఫ్రీ టెస్టులు పెట్టిస్తే సరిపోదా?

బొబ్బిలి_వీణ:

కొంతవరకే. ఈఎఫ్ సెట్ అనే ఫ్రీ టెస్టు ఉంది, దాని 50 నిమిషాల పరీక్షలో చదవడం, వినడమే ఉంటాయి. కేంబ్రిడ్జి వాళ్ల సైట్లో 25 ప్రశ్నలది చిన్నది, ఆప్షన్లు గుర్తుపెట్టడమే. మీలాంటివాళ్లకు పరవాలేదు. యాభై ఏళ్ల మనిషి ఫోన్‌లో చేస్తే నేర్పు కొలిచామో, నెట్ స్పీడ్ కొలిచామో తెలియదు. ఇంటి దగ్గర చేయమంటే పిల్లలు చేసిపెడతారు. ఒకావిడకు సి1 వచ్చింది, అది ఇంజినీరింగ్ చదివే కొడుకు లెవెల్.

నాగావళి_గట్టు:

నెల తరవాత మళ్లీ వచ్చాను. కొత్తగా చేరిన పద్నాలుగు మందికి డిక్టేషన్ పెట్టాను, తరవాత విడిగా కూర్చోబెట్టి మొదట తెలుగులో, తరవాత ఇంగ్లిష్‌లో మాట్లాడాను. ఇద్దరిని మాత్రం తప్పు బ్యాచ్‌లో వేశాను. రెండు వారాలు చూసి మారుస్తానని ముందే చెప్పి ఉంచాను కాబట్టి ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. వెల్డర్ సంగతి ఉద్దానం తమ్ముడు చెప్పినట్టే, అతనికి కావాల్సింది చదవడం, రాయడం. వారానికి రెండు రోజులు అతనికి, నర్సులకు కలిపి రాతపని పెడుతున్నాను. డిగ్రీ ఆవిడ ఇంకా మాట్లాడడం లేదు. కానీ నిన్న రాత్రి వాట్సాప్‌లో నిమిషంన్నర వాయిస్ మెసేజ్ పంపారు, పూర్తిగా ఇంగ్లిష్‌లో.

మాస్టారూ, షాపు ఆయన దగ్గరికి జాకెట్టు ముక్క కొనే వంకతో వెళ్లాను. కళ్లజోడు కాదండీ. ఆ రోజు కూడా జేబులోనే ఉందట. పక్క బెంచీలో కూర్చుని పేపరు రాసేస్తున్న కుర్రాడు వాళ్ల షాపులో పనిచేసే గుమాస్తా.

గంటస్తంభం_మాస్టారు:

ఇది నాకు తట్టలేదమ్మా. మరి వస్తానన్నారా?

నాగావళి_గట్టు:

పొద్దున్న షాపు తెరవక ముందు, ఏడింటికి అయితే వస్తానన్నారు. గుమాస్తాకు చెప్పొద్దన్నారు.