512 జీబీ ల్యాప్‌టాప్‌ని సి, డి అని విడగొట్టాలా వద్దా?

తెనాలి_లెక్కలు
అందరికీ నమస్కారం. కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను. విండోస్ 11, 512 జీబీ ఎస్ఎస్‌డీ. తెరిచి చూస్తే సి డ్రైవ్ ఒక్కటే ఉంది, 475 జీబీ చూపిస్తోంది. చిన్న షాపులకి జీఎస్టీ రిటర్నులు వేసే పని నాది, ట్యాలీ డేటా అంతా ఇందులోకే రావాలి. అమ్మిన షాపు కుర్రాడు "తీసుకురండి సార్, మొత్తం ఫార్మాట్ కొట్టి సి 120, మిగతాది డి చేసిస్తా" అంటున్నాడు. చేయించాలా, ఉన్నది ఉన్నట్టు వాడుకోవాలా?

పాత_పెంటియం
చేయించండి, ఆలోచించక్కర్లేదు. విండోస్ ఏదో ఒక రోజు పాడవుతుంది. సి ఫార్మాట్ చేసుకుంటాం, డి సేఫ్. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సిస్టమ్‌లు బిగించిన రోజుల నుంచి అడిగినవాళ్లందరికీ ఇదే చెప్తున్నా. 120 మాత్రం చాలదు, సి 200 పెట్టమనండి.

బిట్లు_బైట్లు
వద్దండీ. ఈ సలహాకి కాలం చెల్లింది. అసలు డిస్కుని ముక్కలు చేయడం ఎందుకు మొదలైంది? విండోస్ 95 మొదట్లో ఫ్యాట్16 అనే ఫైల్ సిస్టమ్, అంటే డిస్కులో ఫైళ్లు సర్దే పద్ధతి, 2 జీబీ కన్నా పెద్ద డ్రైవ్‌ని పట్టలేకపోయేది. 1996లో ఫ్యాట్32 వచ్చాక ఆ ఇబ్బంది పోయింది, అలవాటు మాత్రం మిగిలింది. హార్డ్ డిస్కుల్లో ఇంకో కారణం ఉండేది, పళ్లెం బయటి అంచు వేగంగా చదువుతుంది కాబట్టి సి అక్కడ పడితే లాభం. ఎస్ఎస్‌డీలో పళ్లేలూ లేవు, అంచులూ లేవు. మీరు డి అనుకున్న ఫైలు చిప్పులో ఎక్కడుందో లోపలి కంట్రోలర్‌కి తప్ప ఎవరికీ తెలియదు. అది పోయిన రోజు సి, డి కలిసే పోతాయి.

పాత_పెంటియం
2 జీబీ అన్ని చోట్లా కాదు. విండోస్ ఎన్‌టీలో అదే ఫ్యాట్16 4 జీబీ దాకా వెళ్లేది. చరిత్ర చెప్పేటప్పుడు సరిగ్గా చెప్పాలి.

బిట్లు_బైట్లు
నేను రాసింది విండోస్ 95 గురించి. పైన ఉంది, మళ్లీ చదవండి. ఆయన ల్యాప్‌టాప్‌కీ ఎన్‌టీకీ ఏం సంబంధం?

పాత_పెంటియం
చరిత్ర మొదలెట్టింది మీరు.

రేపల్లె_రాకెట్
డి డ్రైవ్ లేని కంప్యూటర్‌లో సినిమాలు ఎక్కడ దాచుకుంటారు సార్ :)

లైనక్స్_లింగం
లైనక్స్ వేసి మన ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్‌ని వేరే పార్టిషన్‌లో, అంటే డిస్కులో వేరే ముక్కలో పెట్టుకోండి. ఈ తలనొప్పి ఉండదు.

పేజ్‌మేకర్_పద్మ
నేను డీటీపీ చేస్తాను. సిస్టమ్ ఆన్ అవుతుంది గానీ విండోస్ రావట్లేదని బాగుచేయడానికి ఇచ్చాను. సాయంత్రానికి ఫార్మాట్ కొట్టి ఇచ్చాడు, ఒక్క ఫోన్ లేదు. పెళ్లికార్డుల పేజ్‌మేకర్ ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీదే ఉండేవి. మాఘమాసం ముహూర్తాలు, పార్టీలు వచ్చి కూర్చున్నారు. అన్నీ మళ్లీ టైప్ చేశాను. డిలో పెట్టిన పాత ఫైళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. నా ఓటు డికే.

బిట్లు_బైట్లు
పద్మగారూ, మీ ఫైళ్లు పోయింది డి లేక కాదు, అడగకుండా ఫార్మాట్ కొట్టినందుకు. ఇప్పుడు విండోస్‌లోనే రీసెట్ ఉంది, ఫైళ్లు ఉంచమంటే ఉంచుతుంది, ప్రోగ్రాములు మాత్రం తీసేస్తుంది.

పేజ్‌మేకర్_పద్మ
అడగరనే కదండీ చెప్తున్నాను! మీ రీసెట్ నాకు తెలియదు, వాడికి తెలిసినా చేయడు. డిని ముట్టుకోలేదు, అంతే నాకు కావలసింది.

బిట్లు_బైట్లు
సరే, డి చేశారనుకుందాం. ఏడాదికి సి నిండిపోతుంది. డిలో 250 జీబీ ఖాళీ. సి పెంచుదామంటే విండోస్‌లో డ్రైవ్‌లని పెంచి తగ్గించే డిస్క్ మేనేజ్‌మెంట్ ఒప్పుకోదు, ఖాళీ జాగా సిని ఆనుకుని కుడివైపున ఉంటేనే కలుపుతుంది. అక్కడ డి కూర్చుని ఉంటుంది, కొన్నిసార్లు మధ్యలో విండోస్‌ని బాగుచేసే ఫైళ్లుండే రికవరీ పార్టిషన్ కూడా. ఆ రికవరీ పార్టిషన్‌లో చోటు చాలకే 2024 జనవరిలో విండోస్ 10 అప్‌డేట్ ఒకటి చాలామందికి ఎక్కలేదు. దాన్ని 250 ఎంబీ పెంచుకోమని మైక్రోసాఫ్టే చెప్పింది. మామూలు వాడకందారు చేసే పనా అది?

నల్గొండ_నవీన్
కరెక్టే అన్నా. అన్నదమ్ములు పంచుకున్న పొలం లెక్క, తర్వాత గట్టు జరపాలంటే కోర్టుకు పోవుడే.

పాత_పెంటియం
అందుకే ముందే 200 పెట్టమన్నాను. లెక్క తెలిసినవాడు చేస్తే సి నిండదు.

బిట్లు_బైట్లు
నిజం చెప్పాలంటే పార్టిషన్ మీద ఈ ప్రేమంతా రిపేరు షాపులది. డి ఉంటే కస్టమర్‌ని అడిగే పనిలేదు, సి కొట్టేసి అరగంటలో డబ్బులు తీసుకోవచ్చు.

పాత_పెంటియం
నోరు అదుపులో పెట్టుకోండి. మీరు ఏసీలో కూర్చుని రాస్తున్నారు. రిటర్నుకి ఆఖరి రోజు మధ్యాహ్నం చచ్చిన సిస్టమ్ సంకలో పెట్టుకుని వచ్చేవాళ్ల మొహాలు చూశారా ఎప్పుడైనా? బ్యాకప్ ఉందా అంటే "అదేంటి" అంటారు. పెన్ డ్రైవ్ కొనమంటే వచ్చే నెల అంటారు. వాళ్ల చేత నేను చేయించగలిగింది ఒక్కటే, "డెస్క్‌టాప్ మీద పెట్టకు, డిలో పెట్టు". అదైనా వింటారు. ఎక్స్‌టర్నల్ డిస్కుల్లోకీ క్లౌడ్‌లోకీ బ్యాకప్ అంటే వాళ్లు జన్మలో చేయరు.

బిట్లు_బైట్లు
ఎందుకు చేయరో నేను చెప్తాను. మా బావగారి ల్యాప్‌టాప్‌లో డికి "బ్యాకప్" అని పేరు పెట్టి ఇచ్చాడు ఒక మెకానిక్. ఆయన ప్రతి ఆదివారం శ్రద్ధగా సిలోని ఫొటోలు డిలోకి కాపీ చేసేవారు. ఎస్ఎస్‌డీ ఒక పొద్దున ఉలుకూ పలుకూ లేకుండా పోయింది. హార్డ్ డిస్కయితే కనీసం టకటకమని చప్పుడు చేసేది. మా అక్క షష్టిపూర్తి ఫొటోలు రెండు కాపీలూ అందులోనే. ఎక్స్‌టర్నల్ కొనమని నేను అన్నప్పుడల్లా ఆయన మాట ఒకటే, "నాకు డి ఉందిగా". బ్యాకప్ చేసే ఓపిక ఉన్న మనిషి అండీ ఆయన. ఆ ఓపికని డి మింగేసింది.

పాత_పెంటియం
బ్యాకప్ అని పేరు పెట్టినవాడిని అనండి. నేను ఎప్పుడూ అలా పెట్టలేదు.

బిట్లు_బైట్లు
మీ మొదటి పోస్టులో "డి సేఫ్" అని ఉంది. చదివినవాడికి ఏం అర్థమవుతుంది?

పాత_పెంటియం
ఫార్మాట్ నుంచి సేఫ్. డిస్కు చచ్చిపోతే అని నేనన్నానా? ఏమీ చేయని నూరు మందిని చూసి నేను మాట్లాడుతున్నా, చేసే ఒక్క బావగారిని చూసి మీరు మాట్లాడుతున్నారు.

తెనాలి_లెక్కలు
పెద్దలిద్దరూ క్షమించాలి. షాపుకి వెళ్లకుండా నేనే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి తగ్గించబోయాను. అంత ఖాళీ ఉన్నా సగానికి మించి తగ్గనివ్వడం లేదు. పైగా సి పక్కన బిట్‌లాకర్ ఎన్‌క్రిప్టెడ్ అని ఉంది. నేనేమీ ఆన్ చేయలేదే?

బిట్లు_బైట్లు
ఆగండి, ఇంకేమీ నొక్కకండి. తగ్గకపోవడానికి కారణం మధ్యలో కదలని సిస్టమ్ ఫైళ్లు ఉండటం, అది పెద్ద సంగతి కాదు. బిట్‌లాకర్ పెద్ద సంగతి, డిస్కులో ఉన్నదంతటికీ తాళం వేసే (ఎన్‌క్రిప్షన్) విండోస్ ఏర్పాటు అది. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్‌ని కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అవుతుంది. డి చేస్తే డికి కూడా పడుతుంది. రేపు విండోస్ పాడై సి ఫార్మాట్ కొట్టారనుకోండి, డి అక్కడే ఉంటుంది, కానీ తాళం వేసి. 48 అంకెల రికవరీ కీ లేకపోతే డిలో ట్యాలీ ఉన్నా లేనట్టే. పాత_పెంటియం గారి సేఫ్ డి సంగతి ఇదీ.

పాత_పెంటియం
మా దగ్గరికి వచ్చిన ప్రతి ల్యాప్‌టాప్‌కీ ముందు దాన్ని ఆఫ్ చేస్తాం.

బిట్లు_బైట్లు
బస్సులో ల్యాప్‌టాప్ పోతే? అందులో ఉన్నది ఆయన లెక్కలు కాదు, ఊళ్లో షాపులన్నిటి లెక్కలు.

పేజ్‌మేకర్_పద్మ
ఆ కీ ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్తారా? నాదీ కొత్తదే.

బిట్లు_బైట్లు
సైన్ ఇన్ అయిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది పద్మగారూ. బ్రౌజర్‌లో ఆ అకౌంట్ తెరిచి డివైజెస్‌లో చూడండి. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

తెనాలి_లెక్కలు
చూశాను. ల్యాప్‌టాప్‌లో ఉన్న అకౌంట్ నాది కాదు. డబ్బా తెరిచి సెట్ చేసిన రోజు షాపు కుర్రాడు ఏదో మెయిల్ కొట్టాడు, అదే ఉంది. పాస్‌వర్డ్ నాకు తెలియదు. పిన్‌తో తెరుస్తున్నాను ఇన్నాళ్లూ.

నల్గొండ_నవీన్
అంటే మీ డిస్కు తాళంచెవి వాని దగ్గరున్నది.

పాత_పెంటియం
పార్టిషన్ సంగతి తర్వాత. షాపుకి ఇవ్వకండి, ఇంట్లోనే కూర్చుని మీ పేరున కొత్త అకౌంట్ చేసి అడ్మిన్ హక్కులు ఇవ్వండి. వాడిది ఇప్పుడే తీసేయకండి.

బిట్లు_బైట్లు
అవును. దానికన్నా ముందు స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ అని వెతికి, అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. మేనేజ్-బీడీఈ అనే కమాండ్‌తో కీ అక్కడే కనిపిస్తుంది, ఎవరి అకౌంట్‌లో ఉన్నా సరే. ఎలా టైప్ చేయాలో మెసేజ్‌లో పంపాను. ట్యాలీ డేటా ఈ రాత్రికి పెన్ డ్రైవ్‌లోకి తీసుకోండి.

పాత_పెంటియం
పెన్ డ్రైవ్ కాదు, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి.