ఏడాదిగా వదలని టెన్షన్: అశ్వగంధ, ప్రాణాయామం పనిచేస్తాయా?

వేకువపిట్ట:
ఏడాది పైనే అయింది ఈ టెన్షన్ పట్టుకుని. ఫలానాది కారణం అని చెప్పలేను. పొద్దున లేస్తూనే గుండె దడ, రాత్రి పడుకున్నాక మూడింటికల్లా మెలకువ, ఇక నిద్ర పట్టదు, పగలంతా చిన్న మాటకే ఇంట్లోవాళ్ల మీద విసుక్కోవడం. మాత్రల జోలికి ఇప్పుడే పోదలచుకోలేదు. అశ్వగంధ, బ్రాహ్మి, జటామాంసి కలిసిన క్యాప్సూల్ ఒకటి చూశాను, దాంతోపాటు ప్రాణాయామం మొదలుపెడదామని ఉంది. వాడినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. అన్నట్టు థైరాయిడ్ తక్కువని రోజూ మాత్ర వేసుకుంటాను, వేరే జబ్బులేం లేవు.

మూలికాప్రియ:
అన్నట్టు అని చివర్లో రాసిందే అన్నిటికంటే ముఖ్యం అండీ. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్‌ని పెంచగలదు, మీరు మాత్ర వేసుకునేదీ ఆ హార్మోన్ కోసమే, రెండూ కలిసి మోతాదు మించితే దడ, నిద్రలేమి ఇంకా ఎక్కువవుతాయి. అసలు ఇప్పుడున్న దడే మాత్ర డోసు ఎక్కువై వస్తోందేమో! ముందు టీఎస్‌హెచ్ పరీక్ష (థైరాయిడ్ పనితీరు, మాత్ర డోసు సరిపోతోందా లేదా తెలిపే రక్తపరీక్ష) చేయించండి.

అశ్వగంధ పనికిరాదనడం లేదు. వేరు సారం రోజుకి 300 నుంచి 600 మిల్లీగ్రాముల దాకా, ఎనిమిది వారాల పాటు ఇచ్చి చూసిన చిన్న అధ్యయనాల్లో ఒత్తిడి, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తగ్గాయి, నిద్ర కొంత మెరుగైంది. అయితే ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందో చెప్పేంత పరిశోధన జరగలేదు. అరుదుగానైనా కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు, కళ్లు పచ్చబడినా మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గర్భిణులకు వద్దు. నిద్రమాత్రలు, షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు అడగకుండా వేసుకోకూడదు. ఇక మూడు నాలుగు మూలికలు కలిపిన క్యాప్సూల్ అంటే నాకు చిరాకు, ఏది పడిందో ఏది పడలేదో తేల్చుకోలేం.

నెమ్మదిశ్వాస:
ప్రాణాయామం మాత్రం ఈరోజే మొదలుపెట్టొచ్చు. కానీ దడ ఉన్నవాళ్లు కపాలభాతి, భస్త్రికలతో మొదలెట్టకండి, వేగంగా ఊపిరి తీస్తే కంగారు పెరుగుతుంది. ఊపిరి బిగబట్టడం కూడా ప్రస్తుతానికి వద్దు. నాలుగు సెకన్లు ముక్కుతో పీల్చి, ఆరు సెకన్లు మెల్లగా వదలండి, నిమిషానికి ఆరు శ్వాసలు అవుతాయి. మామూలుగా పెద్దవాళ్లు 12 నుంచి 20 తీస్తారు. వదిలే ఊపిరి పొడుగైనప్పుడు మెదడు నుంచి గుండెకి వెళ్లే వేగస్ నరం ద్వారా గుండె వేగం తగ్గుతుంది, అంతే సంగతి, ఇందులో మహిమలేం లేవు. లెక్కపెట్టడం కష్టమైతే భ్రామరి చేయండి, తుమ్మెదలా ఝుంకారం చేస్తుంటే ఊపిరి దానంతటదే నిదానిస్తుంది. పడుకునే ముందు కాళ్లు గోడకి ఆనించి కాసేపు వెల్లకిలా పడుకోవడం, తర్వాత శవాసనం. కొంతమందికి కళ్లు మూసుకుంటేనే ఆలోచనలు ముసురుకుంటాయి, అలాంటప్పుడు తెరిచే చేయండి, ఎవరూ ఏమీ అనరు. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ మానేయండి, కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది.

సూటిమాట:
మాత్రల జోలికి పోనంటూ క్యాప్సూల్ వెతుకుతున్నారు, అది మాత్ర కాదా? మూలిక కూడా మందే. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక ఉంది, డిప్రెషన్ మాత్రలతో కలిపి వేసుకుంటే సెరొటోనిన్ అనే మెదడు రసాయనం ప్రమాదకరంగా పెరగొచ్చు, గర్భనిరోధక మాత్రల పనిని కూడా తగ్గించేస్తుంది. ఏడాదిగా నిద్ర లేదంటే ఒకసారి కౌన్సెలింగ్‌కి వెళ్లండి. నిద్రలేమికని ప్రత్యేకంగా చేసే సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చుకునే చికిత్స) అనే పద్ధతి ఉంది, మందులు లేకుండానే చాలామందికి పనిచేస్తుంది. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం ఇక్కడ రాస్తూ కూర్చోకుండా వెంటనే ఎవరికైనా చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

వేకువపిట్ట:
అలాంటి ఆలోచనలైతే లేవండి. టీఎస్‌హెచ్ చూపించుకుని చాలా కాలమైంది, ఈ వారమే చేయిస్తాను. ఈలోగా అశ్వగంధ లేకుండా ఉత్త బ్రాహ్మి వాడొచ్చా?

మూలికాప్రియ:
బ్రాహ్మి మీద పరిశోధనలు ఎక్కువగా జ్ఞాపకశక్తి గురించే, టెన్షన్‌కి ఆధారాలు అంతంతమాత్రం. కొందరికి కడుపులో తిప్పుతుంది. పైగా ఎలుకల మీద చేసిన ప్రయోగంలో అదీ థైరాయిడ్ హార్మోన్‌ని పెంచింది. రిపోర్టు వచ్చేదాకా శ్వాస ఒక్కటే చేయండి, డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ క్యాప్సూల్ లేబుల్ ఫొటో తీసుకెళ్లండి.