పెద్ద లా ఫర్మా, చిన్న ఆఫీసా? తొలి ఉద్యోగం విషయంలో సలహా కావాలి

న్యాయశాస్త్రం చదువు ఈ మధ్యే పూర్తయింది. రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. వారంలోగా జవాబు చెప్పాలి.

ఒకటి వందలమంది న్యాయవాదులున్న సంస్థ. కంపెనీల విలీనాలు, కొనుగోళ్లు వారి ప్రధానమైన పని. జీతం బాగుంది. కానీ మొదటి రెండేళ్లూ ఒప్పందాల కట్టలు చదివి, లోపాలు గుర్తించి, నివేదికలు రాయడమే ఉంటుందనీ, ఏ కక్షిదారు పనికి ఎన్ని గంటలు పట్టిందో రోజూ లెక్క రాయాలనీ అక్కడ పనిచేసినవారు చెప్పారు. రెండోది పదిమంది ఉన్న ఆఫీసు, సివిల్ దావాలు ఎక్కువ. జీతం దాదాపు సగం. అయితే ఇంటర్వ్యూలో సీనియర్ గారు నేను రాసిన లీగల్ నోటీసు ముసాయిదా చేతిలోకి తీసుకుని, ఏ వాక్యం కోర్టులో ఎందుకు నిలవదో అరగంటసేపు ఓపికగా వివరించారు. అంత శ్రద్ధగా నాకు కాలేజీలో కూడా ఎవరూ చెప్పలేదు.

వాదించడమంటే నాకు ప్రాణం. కానీ చదువు కోసం చేసిన అప్పు ఉంది.

కొన్నేళ్లు ఒప్పందాల పని చేశాక కోర్టు వైపు మారినవారు ఇక్కడ ఉన్నారా? మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సి వచ్చిందా? చిన్న ఆఫీసులో ఒకే సీనియర్ మీద ఆధారపడటం తర్వాత ఇబ్బంది పెట్టిందా? ఒప్పుకునే ముందు ఆ రెండు చోట్లా తప్పక అడగాల్సిన ప్రశ్నలేమిటో కూడా దయచేసి చెప్పండి.