ఏడేళ్ల పిల్లలకు ధైర్యం గుంపులో నేర్పొచ్చా?

కూకట్‌పల్లి అమ్మ:
మా అపార్ట్‌మెంట్ పిల్లలు 12 మందిని ప్రతి ఆదివారం ఒక కోచ్ బయటికి తీసుకెళ్తున్నాడు. ఆటలు, చిన్న నాటికలు, అప్పుడప్పుడు రాళ్లెక్కడం. పిల్లల్లో ధైర్యం, మనోబలం పెరగాలని మేమే కుదుర్చుకున్నాం. పోయిన వారం ఖాజాగూడ గుట్టల దగ్గరికి వెళ్లారు, నేనూ వెళ్లాను. మావాడికి ఏడేళ్లు. తాడు కట్టారు కానీ, పదడుగుల రాయి మీద సగంలో ఆగిపోయాడు. మిగతా పిల్లలంతా చప్పట్లు కొడుతూ ‘ఎక్కు, ఎక్కు’ అని ఒకటే అరుపులు. వాడి మోకాళ్లు వణకడం నాకు కింద నుంచి కనపడుతోంది. చివరికి నిక్కరు తడిపేసుకున్నాడు. ఇప్పుడు ఆదివారం వస్తోందంటేనే కడుపునొప్పి అంటున్నాడు. దీన్ని ధైర్యం నేర్పడం అంటారా?

మౌలాలి:
మా పాప ఇలాంటి గ్రూపులో చేరాక ఫోన్ అడగడం తగ్గించింది. మాకైతే మేలే జరిగింది.

ఖోఖో సార్:
అమ్మా, నేను 28 ఏళ్లు పీటీ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఒక్కరోజు చూసి తేల్చేయకండి. ఖోఖోనే తీసుకోండి. ఎనిమిది మంది వరసగా కూర్చుంటారు, తొమ్మిదోవాడు తరుముతాడు. వీపు మీద చెయ్యి పడి ‘ఖో’ వినపడగానే లేచి పరిగెత్తాల్సిందే. సిగ్గేస్తోంది, భయమేస్తోంది అంటే కుదరదు, జట్టంతా నీ మీద ఆధారపడి ఉంటుంది. నోట మాట రాని పిల్లలు నెల తిరిగేసరికి గొంతెత్తి ‘ఖో’ అనడం నేను కళ్లారా చూశాను. ఇంట్లో ఒక్కణ్నే కూర్చోబెట్టి కథలు చెబితే అది రాదు. మన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు వయసు 13. భువనగిరి బండ మీద తోటి పిల్లలతో కలిసే నేర్చుకుంది.

కూకట్‌పల్లి అమ్మ:
13 వేరు, 7 వేరు. ఆ పూర్ణనైనా ఒక్క ఆదివారంలో ఎక్కించలేదు. భువనగిరి తర్వాత డార్జిలింగ్, లద్దాఖ్ తీసుకెళ్లారు. నేపాల్ వైపు 16 ఏళ్లు నిండనిదే అనుమతి లేదు, అందుకే టిబెట్ వైపు నుంచి ఎక్కింది. వయసుకి ఓ లెక్క ఉంది కదా?

ఖోఖో సార్:
వయసు పట్టుకుని వేలాడకండి. స్కౌట్స్‌లో చిన్న పిల్లల్ని కబ్స్‌గా తీసుకోరా?

స్కౌట్ నాన్న:
తీసుకుంటారు సార్. కానీ ఆరేసి మందిని ఓ జట్టు చేస్తారు, అందులో ఒకడు పెద్ద. 12 మంది చేరి ఒకడి మీద అరవరు.

నాచారం అక్క:
అలా చేస్తేనే ధైర్యం వస్తుందనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా ఊళ్లో పిల్లలందరికీ వ్యవసాయ బావిలోనే ఈత. నడుముకి ఎండు సొరకాయ బుర్రలు కట్టి మెల్లగా దింపేవారు. మా తమ్ముణ్ని మాత్రం ‘మగపిల్లాడివి, నీకు బుర్రలెందుకు’ అని మా బాబాయి గట్టు మీద నుంచి తోసేశాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. వాడికిప్పుడు 40. పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్తే ఒడ్డున చెప్పులకి కాపలా కూర్చుంటాడు.

ఖోఖో సార్:
ఇక్కడ ఎవరూ తోయలేదు, తాడు కట్టారు. విషయాన్ని పక్కదారి పట్టించకండి. ఉన్నమాట చెప్పనా? భయం పిల్లాడిది కాదు, కింద నిలబడ్డ అమ్మది. ఇప్పటి తల్లిదండ్రులు మోకాలు గీరుకుంటే చాలు, గ్రౌండ్‌కే పంపరు.

కూకట్‌పల్లి అమ్మ:
మాట జాగ్రత్త సార్. నేను తొమ్మిదేళ్లప్పుడు ఒక్కదాన్నే సిటీ బస్సెక్కి స్కూలుకి వెళ్లినదాన్ని. ఆ రోజు ‘దిగిపోరా నాన్నా’ అనాలని నోటిదాకా వచ్చింది. పక్కన మిగతా తల్లులు చూస్తున్నారని ఊరుకున్నాను. అదే నన్ను తినేస్తోంది.

రాళ్ల ప్రేమికుడు:
ఆ గుట్టలు 250 కోట్ల ఏళ్ల నాటివి. వాటి మీద పేర్లు రాయకూడదని కూడా పిల్లలకి చెప్పండి.

శనివారం ట్రెక్:
బాబుని ఎవరైనా అడిగారా?

ఖోఖో సార్:
నోరు జారాను, క్షమించమ్మా. నా దగ్గర ఒక పిల్లాడు ఉండేవాడు. పరుగులో పడ్డాడు. మర్నాడు తండ్రి వచ్చి ఆటల్లోంచి పేరు తీయించేశాడు. ఆ ఏడాదంతా గేమ్స్ పీరియడ్‌లో వాడు క్లాసు కిటికీ ఊచలు పట్టుకుని గ్రౌండ్ వైపు చూస్తుండేవాడు. మీవాడికీ అదే గతి పడుతుందేమోనని నా బాధ. సగంలో దిగితే తప్పు లేదు. గుంపులోంచి తీసేయకండి.

కూకట్‌పల్లి అమ్మ:
గుంపు వద్దని నేను అనలేదు. దిగాక ఆ గుంపు ఏం చేసిందో వినండి. పక్కకి జరిగి కూర్చున్నారు. ఒక్కరు కూడా వాడి దగ్గరికి రాలేదు. కోచ్ వెంటనే ఇంకో పేరు పిలిచాడు. నా గొడవ రాయితో కాదు సార్, దానితో.

కూకట్‌పల్లి అమ్మ (మర్నాడు):
బాబుని అడిగారా అన్నారు కదా, రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని అడిగాను. ‘కోచ్ అన్న ఎడమ కాలు ఎక్కడ పెట్టాలో చెప్తున్నాడమ్మా, వీళ్లు అరుస్తుంటే నాకు వినపడలేదు’ అన్నాడు.

ఖోఖో సార్:
ఈ మాట ఉన్నదున్నట్టు కోచ్‌కి చెప్పండి. ఒకరు ఎక్కుతుంటే మిగతావాళ్లు అరవకూడదు. ఇద్దరు మాత్రం దగ్గర నిలబడి కాలు పెట్టే చోటు చూపించాలి. నేనైతే అలాగే చేయిస్తాను. ఆదివారం మాత్రం మానిపించకండి.

కూకట్‌పల్లి అమ్మ:
కోచ్‌కి చెబుతాను. వెళ్తాడో లేదో వాడే చెప్పాలి.

ఖోఖో సార్:
ఏడేళ్లవాణ్ని అడిగితే వద్దనే అంటాడమ్మా.

కూకట్‌పల్లి అమ్మ:
వద్దంటే ఈ ఆదివారం ఇంట్లోనే ఉంటాం. పై ఆదివారం మళ్లీ అడుగుతాను.