రాత్రి బ్యాకప్‌లో హోస్ట్ పేరు దొరకట్లేదు అంటోంది, పొద్దున రీట్రై కొడితే పాస్

ప్రశ్న:
ఫ్రెండ్స్, మాది చిన్న సెటప్. రెండు ఈఎస్‌ఎక్స్‌ఐ హోస్టులు (వీఎంలు, అంటే వర్చువల్ మెషీన్లు నడిచే సర్వర్లు), వాటిని మేనేజ్ చేసే ఒక వీసెంటర్, బ్యాకప్ సర్వర్ విండోస్ మీద, వీఎం డిస్కులు చదివే ప్రాక్సీ కూడా అదే. రాత్రి జాబ్‌లో కొన్ని వీఎంలు పాస్ అవుతాయి కొన్ని ఫెయిల్, లాగ్ తీసి చూస్తే ‘నో సచ్ హోస్ట్ ఈజ్ నోన్’, కోడ్ 11001. పొద్దున ఆఫీసుకొచ్చి రీట్రై కొడితే ఏమీ ఎరగనట్టు గ్రీన్ అయి కూర్చుంటుంది. వీసెంటర్‌ని ఐపీతోనే యాడ్ చేశా, మరి ఈ పేర్ల గోల ఎక్కణ్నుంచి వస్తోంది? పేర్లకి ఐపీ చెప్పే డీఎన్‌ఎస్ మా డొమైన్ కంట్రోలరే (ఆఫీసు లాగిన్లు చూసే విండోస్ సర్వర్), అదీ వీఎమ్మే.

రాత్రిషిఫ్ట్:
ఆ ఐపీ వీసెంటర్‌తో 443లో మాట్లాడేంతవరకే బ్రో. తర్వాత వీఎం ఏ హోస్ట్ మీద ఉందో వీసెంటర్ చెప్తుంది కదా, ఇన్వెంటరీలో హోస్ట్‌ని ఏ పేరుతో యాడ్ చేసుంటే ఆ పేరే ఇస్తుంది. నెట్‌వర్క్ మోడ్‌లో, అంటే నెట్‌వర్క్ మీదుగా డిస్క్ చదవాలంటే ప్రాక్సీ నేరుగా ఆ హోస్ట్ 902 పోర్ట్‌కి వెళ్లాలి, పేరు తెలియకపోతే అక్కడే ఆగిపోతుంది. టెస్ట్ చేసేది బ్యాకప్ సర్వర్ నుంచే చెయ్యి, నీ లాప్‌టాప్‌లో పింగ్ వెళ్తే ఏం లాభం లేదు.

కేబుల్‌రాజా:
ఎందుకింత చర్చ, బ్యాకప్ సర్వర్ హోస్ట్స్ ఫైల్‌లో ఆ హోస్టుల ఐపీలు, పేర్లు రెండు లైన్లు రాసి పడేయ్. రాశాక డీఎన్‌ఎస్‌ని నేరుగా అడిగే ఎన్ఎస్‌లుకప్ కమాండ్‌తో చెక్ చేసి రాలేదని కంగారు పడకు, అది హోస్ట్స్ ఫైల్ చూడదు, పింగ్ కొట్టి చూడు.

పాతఅడ్మిన్:
పొద్దున పాస్ అవుతోందంటే డీఎన్‌ఎస్‌లో రికార్డులు బానే ఉన్నట్టు, హోస్ట్స్ ఫైల్ రాస్తే కారణం తెలియకుండానే ఎర్రర్ మాయమవుతుంది. రెండు విషయాలు చెప్పండి, డొమైన్ కంట్రోలర్ కూడా అదే జాబ్‌లో ఉందా? బ్యాకప్ సర్వర్‌లో ఆల్టర్నేట్ డీఎన్‌ఎస్ ఏం పెట్టారు?

ప్రశ్న అడిగినవాణ్నే:
అదే జాబ్‌లో ఉందండి. ఆల్టర్నేట్ 8.8.8.8 (గూగుల్ పబ్లిక్ డీఎన్‌ఎస్), ఇంటర్నెట్ పోకుండా ఉంటుందని ఎవరో పెట్టారు.

పాతఅడ్మిన్:
దొరికింది మరి. బ్యాకప్ కోసం స్నాప్‌షాట్ (ఆ క్షణంలో వీఎం డిస్క్ ఎలా ఉందో అలా పట్టి ఉంచడం) తీసేటప్పుడు, ముఖ్యంగా తర్వాత దాన్ని కలిపేసేటప్పుడు వీఎం కాసేపు స్తంభించిపోతుంది, స్టోరేజ్ స్లో అయితే ఇంకాస్త ఎక్కువ. సరిగ్గా అప్పుడే ఇంకో వీఎం టాస్క్ హోస్ట్ పేరు అడిగిందనుకోండి, మీ డీఎన్‌ఎస్ పలకదు, విండోస్ కాస్త చూసి 8.8.8.8ని అడుగుతుంది, దానికి మీ లోపలి డొమైన్ ఏం తెలుసు పాపం, అలాంటి పేరే లేదంటుంది. లేదు అనేది కూడా జవాబే కాబట్టి విండోస్ ఇక మొదటి సర్వర్‌ని మళ్లీ అడగదు, 11001 ఇచ్చేస్తుంది. ఆల్టర్నేట్ అంటే మొదటిదాంట్లో దొరక్కపోతే రెండోదాంట్లో వెతుకుతుందని చాలామంది అనుకుంటారు, కానీ మొదటిది అసలు పలకనప్పుడే రెండోదాని దగ్గరికి పోతుంది. ఆ 8.8.8.8ని బ్యాకప్ సర్వర్‌లోంచి తీసేసి డొమైన్ కంట్రోలర్‌లో ఫార్వార్డర్‌గా (తనకి తెలియని పేర్లు అది అడిగే సర్వర్‌గా) పెట్టండి, ఇంటర్నెట్‌కి అది చాలు. వీలైతే ఇంకో హోస్ట్ మీద రెండో డొమైన్ కంట్రోలర్ పెట్టి దాన్ని ఆల్టర్నేట్‌గా ఇవ్వండి, రెండింటినీ వేర్వేరు టైముల్లో బ్యాకప్ చెయ్యండి.

అయితే కేబుల్‌రాజా గారు చెప్పిన రెండు లైన్లు కూడా చివర్లో రాయండి, కాకపోతే వేరే కారణానికి. రేపు ఆ డొమైన్ కంట్రోలరే పోతే దాన్ని రీస్టోర్ చెయ్యడానికి కూడా హోస్ట్ పేరు కావాలి, ఆ పేరు చెప్పాల్సింది పోయిన డొమైన్ కంట్రోలరే!

రాత్రిషిఫ్ట్:
లినక్స్ ప్రాక్సీ ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోండి. డొమైన్ చివర డాట్ లోకల్ ఉంటే కొన్ని డిస్ట్రోల్లో ఎన్ఎస్‌స్విచ్ ఫైల్‌లో (పేర్లు ఏ వరసలో వెతకాలో అందులో ఉంటుంది) డీఎన్‌ఎస్ కంటే ముందు ఎండీఎన్‌ఎస్ (లోకల్ నెట్‌వర్క్‌లోనే పేర్లు వెతికేది) ఉంటుంది, దాంట్లో దొరక్కపోతే డీఎన్‌ఎస్ దాకా పోకుండా అక్కడే ఆపేస్తుంది. డీఎన్‌ఎస్‌ని నేరుగా అడిగే డిగ్ కమాండ్ కొడితే మాత్రం ఐపీ చక్కగా వస్తుంది, అందుకే పిచ్చెక్కుతుంది. ఆ వరస ప్రకారమే వెతికే గెటెంట్ హోస్ట్స్ అని కొట్టి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవాణ్నే:
8.8.8.8 తీసేశా, డొమైన్ కంట్రోలర్‌ని వేరే జాబ్‌లో పెట్టా, రాత్రి జాబ్ రీట్రై లేకుండా పాస్ అయింది. రెండో డొమైన్ కంట్రోలర్‌కి లైసెన్స్ అడగాలి, మేనేజర్ ఏమంటాడో.