వారానికి రెండు రోజులే స్టేడియం, మిగతా ఐదు రోజులు ఇంటి దగ్గర జిమ్నాస్టిక్స్ ఎలా?

పాకాల_అమ్మ

నమస్తే. పాపకి 8 ఏళ్లు, మూడో తరగతి. ఎత్తు 122 సెంటీమీటర్లు, బరువు 21 కిలోలు. హనుమకొండ స్టేడియంలో వేసవి క్యాంపుకి పంపితే, వదలొద్దు, పోటీలకు తయారు చేయొచ్చు అని కోచ్ సార్ అన్నారు. మా ఊరు నర్సంపేట దాటి ఇంకా లోపలికి, అక్కడికి పోను 50 కిలోమీటర్లు. శని, ఆదివారాలు తప్ప కుదరదు.

అడగాల్సినవి ఇవీ: మిగతా ఐదు రోజులు ఇంటి దగ్గర ఏం చేయించాలి? ఏ సామాను కొనాలి, ఏది ఊళ్లో చేయించుకోవచ్చు (15 వేల దాకా పెట్టగలం)? స్పోర్ట్స్ స్కూల్‌కి ఇప్పుడే పంపాలా? ఇంకోటి, వాళ్ల అన్న ఫోన్‌లో వీడియోలు చూసి గడ్డివాము మీద దీనితో వెనక్కి పల్టీలు కొట్టిస్తున్నాడు. మెత్తగానే ఉంటుంది కదా, పర్వాలేదా?

ఫ్లోర్_కోచ్

అమ్మా, చివరి ప్రశ్నకు ముందు జవాబు: గడ్డివాము ఈరోజే ఆపించండి. పైకి మెత్తగా కనిపించినా లోపల ఎక్కడ గుల్లగా ఉందో, ఎక్కడ గట్టిపడిందో తెలీదు. ఒక కాలు దిగబడి రెండోది ఆగితే చీలమండ మెలిపడుతుంది. సగమే తిరిగి తల మీద దిగితే మెడకే ప్రమాదం. ఏ దెబ్బా తగలకపోయినా నష్టం ఉంది. గడ్డి మీద కాలికి పట్టు దొరకదు కాబట్టి పిల్ల పైకి ఎగరదు, తల వెనక్కి విసిరి తిరిగేస్తుంది. ఆ అలవాటు మాన్పించి మళ్లీ నేర్పడానికి నెలలు పడుతుంది. ట్రాంపొలిన్ కొందామన్న ఆలోచన ఉంటే అదీ వద్దు.

కొత్త విన్యాసం ఏదైనా స్టేడియంలోనే నేర్చుకోవాలి. ఇంట్లో చేయించాల్సింది బలం, సాగుడు, ఒంటి ఆకారం. ఇది తక్కువ పని అనుకోవద్దు. స్టేడియంలో రెండు గంటలుంటే అందులో ముప్పావు గంట వీటికే పోతుంది. ఇవి ఇంట్లో అయిపోతే ఆ టైమంతా బార్స్ (వేలాడి చేసే కడ్డీలు), బీమ్ (మీద నడిచే సన్నటి దూలం) మీద పెట్టొచ్చు.

వారానికి నాలుగు రోజులు, రోజుకి 40 నిమిషాలు చాలు. బుధవారం ఖాళీగా వదిలేయండి. ముందు 8 నిమిషాలు స్కిప్పింగ్, చేతులు తిప్పడం, మణికట్టు వేడెక్కించడం. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి నడుము నేలకు అంటించి భుజాలు, కాళ్లు జానెడు ఎత్తులో ఆపించండి. 20 సెకన్లు, నాలుగుసార్లు. నడుము కింద మీ అరచెయ్యి దూరిందంటే కాళ్లు కాస్త పైకి లేపించాలి, లేదా మోకాళ్లు మడిపించాలి. నడుము లేచిపోయాక ఎంతసేపు ఆపినా లాభం లేదు. అంతే లెక్కన బోర్లా పడుకుని చేతులు, కాళ్లు లేపడం.

చేతుల మీద నిలబడటం గోడ దగ్గర, కానీ పొట్ట గోడవైపు ఉండాలి. అందరూ వీపు గోడవైపు పెట్టి కాళ్లు విసురుతారు, దాంతో నడుము అరటికాయలా వంగుతుంది. బీమ్ మీదైనా బార్ మీదైనా ఆ వంపుకు మార్కులు పోతాయి. చేతులు భుజాల వెడల్పున, వేళ్లు విడదీసి, గోడకు బెత్తెడు దూరంలో. 20 సెకన్లు ఐదుసార్లు. కడ్డీకి వేలాడి కాళ్లు లేపడం 6 చొప్పున మూడుసార్లు. గడ్డం కడ్డీ పైకి తెచ్చే పుల్‌అప్స్ నాలుగేసి మూడుసార్లు. రాకపోతే కింద స్టూల్ పెట్టి కాలితో కాస్త సాయం తీసుకోనివ్వండి. చివర్లో స్ప్లిట్, అంటే కాళ్లు ముందుకీ వెనక్కీ చాపి నేలకు దిగడం, ఒక్కో వైపు 45 సెకన్లు మూడుసార్లు. దిగట్లేదని ఎవరూ వీపు మీద, భుజాల మీద నొక్కొద్దు. తొడ వెనక కండరం పిర్ర దగ్గర పట్టేసిందంటే నెలల తరబడి తగ్గదు.

చక్రాసనం వేసేటప్పుడు కాళ్లు 30 సెంటీమీటర్ల ఎత్తు మీద పెట్టించండి, దిండ్లు కాదు, కదలని పీట. అప్పుడు సాగేది భుజాలు. కాళ్లు నేల మీదుంటే వంపంతా నడుము ఎముకే మోస్తుంది.

ఫోన్ నడుము ఎత్తులో, సరిగ్గా పక్కనుంచి పెట్టి వారానికి ఒక వీడియో తీసి మీ కోచ్‌కి పంపండి. ముందు నుంచి తీస్తే వంపు కనపడదు.

వెల్డింగ్_చంద్రం

సామాను సంగతి నేను చెప్తా అక్కా. మీ 15 వేలలో సగానికి పైగా మ్యాట్‌కే పోనివ్వండి.

మ్యాట్: జిగ్‌సాలా ఒకదాన్లో ఒకటి ఇరికించే రంగురంగుల 2 సెంటీమీటర్ల పలకలు కూర్చోడానికే పనికొస్తాయి. పరుపు ఇంకా చెడ్డది, చెయ్యి దిగబడి మణికట్టు ఎక్కువ వంగుతుంది. పరుపుల షాపులో రీబాండెడ్ ఫోమ్ (ఫోమ్ ముక్కలు అతికించి గట్టిగా చేసేది) అడగండి, 2 అంగుళాల మందం, 6 అడుగులు బై 4 అడుగులు, రెండు ముక్కలు. గట్టిగా ఉండాలి, అరచేత్తో నొక్కితే నేల తగలకూడదు. పైన మందపాటి రెగ్జిన్‌తో జిప్ కవర్. గ్రానైట్, టైల్స్ మీద అది జారుతుంది, కాబట్టి అడుగున రబ్బరు షీట్ వేయాలి. పోటీల్లో దిగే మ్యాట్ 20 సెంటీమీటర్ల మందం ఉంటుంది. మీది దానికి బదులు కాదు, దీని మీద పల్టీలు లేవు.

బీమ్: అసలుది 5 మీటర్ల పొడవు, 125 సెంటీమీటర్ల ఎత్తు, పైన వెడల్పు 10 సెంటీమీటర్లు. ఇంటికి ఎత్తు అక్కర్లేదు, వెడల్పు మాత్రం సరిగ్గా ఉండాలి. వడ్రంగికి 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం, 9 అడుగుల పొడవు అని చెప్పండి. బాగా ఎండిన వేప గానీ టేకు గానీ. నీలగిరి వద్దు, ఎండేకొద్దీ మెలి తిరుగుతుంది. అడుగున మూడు చోట్ల అడుగున్నర పొడవు అడ్డ చెక్కలు బోల్టు చేయించండి. రెండు చివర్లకే పెడితే మధ్యలో ఊగుతుంది. అంచులు గుండ్రంగా రందా పట్టించి, 5 మిల్లీమీటర్ల ఫోమ్ అంటించి పైన మందపాటి గుడ్డ లాగి అడుగున కొట్టాలి. ఫోమ్ మందంగా వేస్తే పాదానికి అంచు తెలియదు, అంచు తెలియడమే బీమ్ సాధన. రెగ్జిన్ వేస్తే చెమటకు జారుతుంది.

కడ్డీ: ఒక అంగుళం జీఐ (జింకు పూత ఇనుప) పైపు, సీ క్లాస్ అంటే మందమైన రకం, ఎర్ర పట్టీ ఉన్నది. నీలి పట్టీది బీ క్లాస్, అది గుంజలకు సరిపోతుంది. ఒక అంగుళం అన్నా బయటి కొలత 33 మిల్లీమీటర్లకు పైనే ఉంటుంది, పాప గుప్పిటకి చాలు. ఆడపిల్లల పోటీ బార్ 40 మిల్లీమీటర్లు, ఇప్పుడే దాంతో పని లేదు. గుంజలు రెండంగుళాల పైపు, రెండున్నర అడుగుల లోతు గుంత, 1:2:4 కాంక్రీట్ (సిమెంట్, ఇసుక, కంకర పాళ్లు). వారం రోజులు తడపండి, రెండు వారాలు ఎవర్నీ వేలాడనివ్వొద్దు. గుంజల మధ్య నాలుగున్నర అడుగులు. కడ్డీ 180 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టించి, ప్రస్తుతానికి పీట వేసి అందుకోనివ్వండి. పిల్ల ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరుగుతుంది, ఏటా మార్చలేరు. రెండు చివరలా చుట్టూ పూర్తి వెల్డింగ్ పడాలి. చుక్కలు పెట్టి వదిలేస్తే ఒప్పుకోకండి. కడ్డీకి రంగు వేయొద్దు, చెయ్యి జారుతుంది, బొబ్బలెక్కుతుంది.

దీని మీద వేలాడటమే, ఊగడం కాదు. ఒళ్లు కడ్డీ ఎత్తుకు వచ్చేదాకా ఊగి కిందికి దిగితే, అడుగున కడ్డీ మీద పడే లాగుడు శరీర బరువుకు సుమారు మూడింతలు. 21 కిలోల పాప 60 కిలోలు దాటుతుంది, అదీ ఒక్క కుదుపుతో. కింద మందమైన మ్యాట్ లేని చోట చెయ్యి జారితే చెప్పనక్కర్లేదు.

చేతులకు పూసేది మెగ్నీషియం కార్బొనేట్, స్పోర్ట్స్ షాపుల్లో దిమ్మెలుగా వస్తుంది. టాల్కం పౌడర్ పూస్తే ఇంకా జారుతుంది. బడి సుద్ద కూడా పనికిరాదు.

బడి_పీడీ

స్పోర్ట్స్ స్కూల్ విషయం తేల్చుకోవాల్సింది ఈ ఏడాదే. హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్ బడుల్లోకి ప్రధానంగా నాలుగో తరగతిలోనే తీసుకుంటారు. మీ పాప ఇప్పుడు మూడు. మండలం, జిల్లా, రాష్ట్రం, మూడు మెట్లలో ఎంపిక. ఎత్తు, బరువు కొలుస్తారు. 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్ (ముందే వేగం అందుకుని పరుగెత్తేది), 6 బై 10 మీటర్ల షటిల్ రన్ (10 మీటర్లు అటూ ఇటూ ఆరుసార్లు), నిలబడి దూకే బ్రాడ్ జంప్, వర్టికల్ జంప్, మెడిసిన్ బాల్ (బరువైన బంతి) విసరడం, వంగే పరీక్ష, 800 మీటర్ల పరుగు ఉంటాయి. జిమ్నాస్టిక్స్ పిల్లలు దూకడంలో, వంగడంలో బాగా తెచ్చుకుని 800 మీటర్లలో పోగొట్టుకుంటారు. వారానికి రెండుసార్లు మట్టి బాటలో పరుగెత్తించండి. సీటొచ్చినా జిమ్నాస్టిక్సే ఇస్తారన్న హామీ లేదు, చేర్చేముందే అడగండి. జిమ్నాస్టిక్స్ ఉన్న హకీంపేట మీద దృష్టి పెట్టండి.

కాగితాల దగ్గరే చాలామంది ఆగిపోతారు. జనన ధృవపత్రం, ఆధార్, బడి అడ్మిషన్ రిజిస్టర్, మూడింట్లోనూ పేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఒకదాంట్లో వెనక ఉన్నా ఇబ్బందే. ఇప్పుడే సరిచేయించండి.

స్కూల్ గేమ్స్‌లో అండర్-14, 17, 19 విభాగాల్లో జిమ్నాస్టిక్స్ ఉంది. మీ బడిలో ఈ ఆట లేకపోయినా ఎంట్రీ బడి పేరు మీదే వెళ్తుంది కాబట్టి మీ బడి పీఈటీకి (ఆటల టీచర్‌కి) జూన్‌లోనే చెప్పి ఉంచండి. సెలెక్షన్ తేదీ ముందురోజు తెలిస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

బస్సు ఖర్చు తగ్గుతుంది. 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో మీ ఇద్దరికీ టికెట్ లేదు. ఆధార్ మరచిపోవద్దు.

ఫ్లోర్_కోచ్

పీడీ గారు చెప్పిందంతా నిజమే, ఒక్క చోటే నా మాట వేరు. 8 ఏళ్లకే హాస్టల్ అంటే ఆటలో ముందుకెళ్లే పిల్లలూ ఉన్నారు, ఇంటి మీద బెంగతో ఆటే వదిలేసేవాళ్లూ ఉన్నారు. అంతర్జాతీయ సీనియర్ పోటీల్లో ఆడపిల్లలకు కనీస వయసు 16. మన దేశపు జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ రియో ఒలింపిక్స్‌లో వాల్ట్‌లో (పరుగెత్తుకొచ్చి బల్ల మీదుగా ఎగిరే అంశం) నాలుగో స్థానం తెచ్చుకున్నప్పుడు 23. మన హైదరాబాద్ అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో కాంస్యం తెచ్చినప్పుడు 22. పరీక్షలు రాయించండి, సీటొస్తే అప్పుడు పాపను అడిగి తేల్చుకోండి. రాకపోతే శనివారం సాయంత్రం, ఆదివారం పొద్దున క్లాసులు తీసుకుని మధ్య రాత్రి చుట్టాలింట్లో ఉంటే ఒకే ప్రయాణంలో రెండు క్లాసులు దొరుకుతాయి.

పాకాల_అమ్మ

అందరికీ చాలా థ్యాంక్స్. గడ్డివాము ఆపించేశాను, వాళ్ల అన్న మొహం మాడ్చుకున్నాడు. ఇంకో సంగతి అడగడం మరిచాను. ఆదివారం ఇంటికొచ్చాక పాప మడమ నొప్పి అంటోంది, సోమవారం పొద్దున కుంటుతూ నడుస్తుంది, బుధవారానికి తగ్గిపోతుంది. తిండి కూడా ఏం పెట్టాలో చెప్పండి.

ఫిజియో_అక్క

మడమను రెండు పక్కలా బొటనవేలు, చూపుడువేలుతో నొక్కండి. అలా నొక్కితే నొప్పి అంటే అది మడమ ఎముక పెరిగే చోట వచ్చే నొప్పి అయ్యుండొచ్చు. ఎగిరే పిల్లలకు 8 నుంచి 13 ఏళ్ల మధ్య తరచుగా వస్తుంది, అశ్రద్ధ చేయకపోతే తగ్గిపోతుంది. రెండు వారాలు దూకడం, పరుగు, స్కిప్పింగ్ ఆపి బార్, బలం పనులు కొనసాగించండి. పిక్క సాగదీయడం రోజుకి రెండుసార్లు, 30 సెకన్లు. గుడ్డలో ఐసు చుట్టి 10 నిమిషాలు. సీసీ రోడ్డు మీద చెప్పుల్లేకుండా పరుగెత్తనివ్వొద్దు. రెండు వారాలకీ కుంటుతుంటే, లేదా వాపు, రాత్రి నొప్పి ఉంటే ఎముకల డాక్టర్‌కి చూపించాలి.

ఇంకో రెండు నొప్పులకు మాత్రం ఇంటి వైద్యం వద్దు. చేతుల మీద బరువు వేసినప్పుడు మణికట్టులో బొటనవేలి వైపు నొప్పి వస్తే అది ముంజేతి ఎముక పెరిగే చోటు కావచ్చు. చేతుల మీద నిలబడటం ఆపించి ఎక్స్‌రే తీయించండి. వెనక్కి వంగినప్పుడు నడుములో, ముఖ్యంగా ఒకవైపే నొప్పి వస్తే ఆరోజే వంపులన్నీ ఆపాలి. సన్నటి పగులు కావచ్చు, దాన్ని తైలంతో మర్దనా చేయిస్తూ కూర్చుంటే ముదురుతుంది. అరచేతిలో తోలు లేస్తే లాగకండి, శుభ్రంగా కడిగి, వేలాడే ముక్క మాత్రం చిన్న కత్తెరతో తీసి, రాత్రి కొబ్బరినూనె రాయండి.

తిండిలో కొత్తవేం అక్కర్లేదు. తప్పు జరిగేది టైమ్‌లో. పొద్దున ఆరింటి బస్సుకి ఖాళీ కడుపుతో ఎక్కి, మధ్యాహ్నం రెండింటికి అన్నం తింటే ఆ క్లాసు వృథా. క్లాసుకి గంటన్నర ముందు రెండు ఇడ్లీలో అరటిపండో, అయిపోయిన అరగంటలోపు ఉడికిన గుడ్డు, పల్లీ పట్టీ, బస్సులోనే పెట్టేయండి. మిగతా రోజుల్లో పప్పన్నం, పెరుగు, ఆకుకూర, బడిలో గుడ్డు ఇచ్చే రోజు అది తప్పకుండా తినాలి. 21 కిలోలే ఉంది, ఎవరైనా బరువు తగ్గాలని అంటే వినకండి. మూడు నెలలకోసారి ఎత్తు, బరువు గోడ మీద రాసి పెట్టండి. ఎత్తు పెరిగి బరువు అక్కడే ఆగితే తిండి చాలట్లేదనే లెక్క. హిమోగ్లోబిన్ ఒకసారి చూపించండి, ఈ వయసులో 11.5 కంటే తక్కువైతే రక్తహీనత. బడిలో ఫిబ్రవరి, ఆగస్టుల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేయించడం మానొద్దు.

పాకాల_అమ్మ

నొక్కి చూశాను, రెండు పక్కలా నొప్పి అంటోంది. దూకడం ఆపేస్తాం. కోచ్ సార్, పొట్ట గోడవైపు పెట్టి నిలబడటం ప్రయత్నించాం, చేతులు గోడకి బెత్తెడు దూరం దాకా రావట్లేదు, భయపడి మధ్యలోనే దిగిపోతోంది.

ఫ్లోర్_కోచ్

మొదటి వారం రెండు అడుగుల దూరంలో ఆగినా చాలమ్మా. గోడ పక్కన మ్యాట్ వేసి, పాదాలతో గోడ మీద పైకి నడుస్తూ చేతులు ఒక్కో అంగుళం దగ్గరికి తెచ్చుకోమనండి. దిగేటప్పుడు అదే దారిన వెనక్కి నడిచి దిగాలి. అక్కడే భయం. అందుకే ఎక్కడం కంటే ముందు దిగడం పదిసార్లు చేయించండి. మీరు పక్కన మోకాళ్ల మీద కూర్చుని తొడ పట్టుకోండి, చీలమండ కాదు. చీలమండ పట్టుకుంటే నడుము కిందికి జారిపోతుంది.