గాలి వచ్చి ఉదరవితానాన్ని నెడుతుందా, ఉదరవితానం దిగితే గాలి వస్తుందా?

ప్రశ్న:
మా అమ్మాయి తరగతిలో గంటజాడీ ప్రయోగం చేయించారు. అడుగున కట్టిన రబ్బరు పొరను కిందికి లాగితే లోపలి బెలూన్లు ఉబ్బుతాయి. ఇంటికి వచ్చి, "జాడీలో పొరను చేత్తో లాగాం, మరి ఒంట్లో ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డుగా ఉండే ఉదరవితానాన్ని (డయాఫ్రం) ఎవరు లాగుతారు?" అని అడిగింది. లోపలికి వచ్చిన గాలే దాన్ని కిందికి నెడుతుందని చెప్పాను గానీ, అలాగైతే ఊపిరి పీల్చినప్పుడు పొట్ట ఎందుకు ఉబ్బుతుందని మళ్లీ అడిగేసరికి నా జవాబు మీద నాకే నమ్మకం పోయింది. తెలిసినవారు వివరించగలరు.

సమాధానం (జంతుశాస్త్ర అధ్యాపకుడు):
మీ జవాబు తలకిందులైందండి. ఉదరవితానాన్ని ఎవరూ లాగనక్కరలేదు, అదే ఒక కండరం. సడలి ఉన్నప్పుడు అది గొడుగులా ఛాతీలోకి ఉబ్బి ఉంటుంది; దాని అంచులు కింది పక్కటెముకలకూ, రొమ్ముటెముక కొసకూ, నడుము దగ్గరి వెన్నుపూసలకూ అతుక్కుని ఉండగా, నడినెత్తిన మాత్రం కండరానికి బదులు గట్టి నారపొర ఉంటుంది. చుట్టూ ఉన్న పోగులు కుదించుకోగానే ఆ నడినెత్తి కిందికి దిగుతుంది, ఛాతీలో చోటు పెరుగుతుంది, ఊపిరితిత్తులలోని పీడనం బయటి గాలి కంటే ఒకటి రెండు మిల్లీమీటర్ల పాదరసం మేర తగ్గుతుంది. ఆ కాస్త తేడాకే సుమారు 500 మిల్లీలీటర్ల గాలి లోపలికి వస్తుంది. అంటే చోటు ముందు, గాలి తరువాత. దిగుతున్న గొడుగు కింద నలిగిన కాలేయం, జీర్ణాశయం, పేగులు మెత్తని పొట్ట గోడను ముందుకు నెడతాయి. పొట్ట ఉబ్బేది అందుకే. మామూలు నిశ్వాసానికి శ్రమ లేదు, కండరం సడలితే సాగిన ఊపిరితిత్తులు వాటంతట అవే ముడుచుకుంటాయి. గాజు జాడీ గోడ కదలదు కనుక పక్కటెముకలు చేసే పని ఆ ప్రయోగంలో కనబడదు, అది వేరే లోపం.

సమాధానం (మరొకరు):
ఆజ్ఞ ఎక్కడి నుంచి వస్తుందో కూడా అమ్మాయికి చెప్పండి. మెదడు అడుగు భాగమైన మజ్జాముఖం పంపే సంకేతాలు మెడలోని 3, 4, 5వ వెన్నునాడుల నుంచి పుట్టే నాడుల గుండా ఉదరవితానానికి చేరతాయి. పిండదశలో ఈ కండరం మెడ దగ్గర రూపుదిద్దుకోవడం మొదలై, తన నాడిని వెంటబెట్టుకునే కిందికి దిగుతుంది. అందుకే మెడ పైభాగంలో వెన్నుపాము తెగితే, ఛాతీకి ఏ దెబ్బా తగలకపోయినా శ్వాస ఆగిపోతుంది.

సమాధానం (పశువైద్యుడు):
ఇదే సంగతి పశువుల కొట్టంలో కళ్లారా కనిపిస్తుంది. లేత పచ్చిమేత అతిగా మేసిన గేదెకు కడుపుబ్బరం వస్తే, వాయువుతో నిండిన పెద్దపొట్ట ఉదరవితానాన్ని ముందుకు అదిమిపెడుతుంది. కండరం కుదించుకోబోయినా వెనక్కి జరగడానికి చోటుండదు. ఊపిరితిత్తులకు ఏ జబ్బూ లేకుండానే పశువు నోరు తెరిచి రొప్పుతుంది, ఆలస్యమైతే చనిపోతుంది. ముందుకాళ్లు మెట్ట మీద ఉండేలా నిలబెట్టమని రైతులకు మేము చెప్పేది, పొట్ట బరువు వెనక్కి జారి ఆ కండరానికి కాస్తయినా చోటు దొరుకుతుందనే.